ఎత్తి పోసుకున్న నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళు తాగడానికి ఒక పద్ధతుంది. చెంబు పైకెత్తాలి, తల వెనక్కి వాల్చాలి, నోట్లోకి ధారగా పోసుకోవాలి. పెదవి తగిలితే ఎంగిలి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఎండన పడి వచ్చి, దాహానికి ఆగలేక చెంబును కరుచుకుని తాగేశాను. నా భార్య సులోచన ఆ చెంబును చేత్తో ముట్టుకోకుండా గుడ్డతో పట్టుకుపోయి, చింతపండు పెట్టి ఒకటికి రెండుసార్లు తోమింది. తోముతూ, "మీ ఇంట్ల ఎవ్వరు నేర్పలేదా గీ మర్యాద?" అని గొణిగింది. పక్క గదిలో మా అమ్మ ఉంది. ఆ తర్వాత జరిగిన రచ్చ ఇక్కడ అనవసరం. మొత్తానికి ఆ రోజు నుంచి ఏ చెంబుకూ నేను పెదవి తగిలించలేదు.

నాకు అరవై దాటాయి. సంగారెడ్డి పాత బజారులో మాది కందులు, పెసలు, మినుములు కొని అమ్మే దుకాణం. మా నాన్న నేర్పిన విద్య ఒకటే. రైతు సంచి విప్పగానే రెండు గింజలు తీసి ముందు పళ్ళ మధ్య పెట్టి కొరకాలి. టక్కుమంటే ఎండినట్టు. పంటికి అణిగితే తేమ ఉన్నట్టు. మా అబ్బాయి శ్రీకాంత్ తేమ కొలిచే మిషన్ ఒకటి తెచ్చి పెట్టాడు. దానికంటే ముందు నా నోరు చెప్పాలి, అది నా పంతం.

పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అంటారు. నా దుకాణంలో శనగలకు కొదవ లేదు, పైన ముందు పళ్ళే మూడు ఊడిపోయాయి. వాటి బదులు పెట్టుడు పళ్ళు కట్టించుకున్నాను. అంగిలికి ఆనుకునే గులాబీ రంగు పలక, రెండు పక్కలా తీగ కొక్కేలు. వీటితో గట్టివి కొరకొద్దని పళ్ళ డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను వాటితోనే గింజలు కొరికాను. కొక్కేలు వదులైతే దుకాణంలో ఉన్న పట్టకారుతో నేనే వంచుకున్నాను. "కొత్తయి కట్టిద్దాం బాపూ" అని శ్రీకాంత్ పోరుతూనే ఉన్నాడు. "నడిచే బండికి కొత్త చక్రమెందుకురా" అని వాడి నోరు మూయించాను. అవి తీసేసి తిరుగుదామంటే మాటలో గాలి పోతుంది, బేరానికి వచ్చినవాడు నవ్వుతాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా కథలో దేవుణ్ణి తిట్టడానికి పెద్దగా చోటు లేదు. తిట్టానా అంటే తిట్టాను.

ఆషాఢం

వానలు పడీ పడనట్టున్న రోజులు. మధ్యాహ్నం భోజనానికి పోతిరెడ్డిపల్లిలోని మా ఇంటికి వచ్చాను. ఒళ్ళంతా చెమట. చెప్పులు విడుస్తూనే చెంబు అందుకుని, తల వాల్చి గటగటా పోసుకున్నాను. నీళ్ళతో పాటు ఏదో జారింది. గొంతు నుంచి ఛాతీ మధ్యదాకా గీరుకుంటూ పోయి ఆగింది. నాలుకతో అంగిలి తడుముకున్నాను. నున్నగా ఉంది.

"సులోచనా, పళ్ళు మింగిన."

"ఏంది?"

"పళ్ళు. నీళ్ళతోటి లోపలికి పోయినయ్."

ఆమె ముందు నవ్వింది. నేను ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకున్నాక నవ్వు ఆపి వంటింట్లోకి పరుగెత్తింది. వేడి అన్నంలో నెయ్యి పోసి ముద్దలు చేసుకొచ్చింది. "నమలకుండ్రి. గుటుక్కున మింగుండ్రి. ముద్ద కిందికి తోసుకపోతది," అంది. చేప ముల్లు గుచ్చుకున్నా, చింతగింజ ఇరుక్కున్నా ఊరంతా చేసే వైద్యమే. ముద్ద మీద ముద్ద మింగాను. ప్రతి ముద్దకూ లోపల కత్తి పెట్టి తిప్పినట్టుంది. ఆపైన అరటిపండు. రెండో పండు పెట్టేసరికి నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా ఇద్దరం ఆపలేదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఏదైనా మింగితే ఏమీ తినకండి. ముద్ద వద్దు, పండు వద్దు, నెయ్యి అసలే వద్దు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు లేచి ఆస్పత్రికి పోండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు మేం కడుపునిండా వేసుకున్నాం.

సాయంత్రానికి పోటు తగ్గి సలుపులా మిగిలింది. దిగిపోయిందనుకున్నాం. శ్రీకాంత్ డాక్టరు దగ్గరికి పోదామంటే నేనే ఒప్పుకోలేదు. బజారులో తెలిస్తే చచ్చేదాకా 'పళ్ళు మింగిన సేటు' అంటారు. రోజూ పొద్దున నేను దొడ్డి నుంచి వస్తుంటే సులోచన గుమ్మంలో నిలబడి, "పడ్డయా?" అని అడిగేది. "పడలే" అనేవాణ్ణి. మొదట్లో అది మా ఇద్దరికీ నవ్వులాటగా ఉండేది. మెత్తగా పిసికిన పప్పన్నం కొద్దికొద్దిగా దిగేది. తర్వాత అదీ ఆగింది. చివరికి ఉమ్మి కూడా దిగకుండా నోటి కొసల నుంచి కారడం మొదలైంది. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు గానీ నాకు భయం వెయ్యలేదు.

శ్రీకాంత్ కారులో పడేసి పటాన్‌చెరు దాటాక ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారిలో ఫ్యాక్టరీల షిఫ్టు వదిలారు. బస్సులు, లారీలు, మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన. డబ్బాలు పట్టుకుని రోడ్డు దాటుతున్న మనుషుల్ని చూస్తూ వీళ్ళందరూ ఇంటికి పోయి తింటారు కదా అనుకున్నాను. నా ఒళ్ళో తువాలు, తువాల్లో నా ఉమ్మి.

ఎండోస్కోపీ గది బయట వరసగా ఇనుప కుర్చీలు. పిలిచేదాకా కూర్చోవాలి. లోపల పళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ చుట్టు పెట్టి, గొంతులోకి నల్లటి గొట్టం దించారు. వాంతి వచ్చినట్టై ఊపిరాడక, మంచం కడ్డీని పట్టుకున్నాను. వెంటనే తీసేశారు. డాక్టరు శ్రీకాంత్‌ను, సులోచనను లోపలికి పిలిచాడు.

"పళ్ళు కనపడితే గదా తియ్యడానికి. పైనంతా అన్నం, అరటిపండు కుక్కి ఉంది. ఎవరు పెట్టారు ఇది?"

తలుపు దగ్గర నిలబడ్డ సులోచన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేనే సారూ," అంది.

బయటికొచ్చాక శ్రీకాంత్ అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "జెర ఆగి నాకు ఫోన్ చేస్తే ఏమయితుండె? నువ్వే చేసినవమ్మా గిదంత." మాట్లాడకురా అని నేను వాడితో అనాలి. నాకు గొంతు లేదు. ఉంటే అనేవాణ్ణో లేదో, నిజంగా నాకు తెలియదు. లోపల నాకూ కోపమే ఉంది.

మర్నాడు మత్తిచ్చి తీశారు. లోపల కుక్కిందంతా శుభ్రం చేసి, అడుగున పళ్ళను పట్టుకున్నారట. ఇన్ని రోజులు ఉండిపోవడంతో కొక్కెం అన్నవాహిక గోడలోకి దిగబడిందట. తీసేటప్పుడు చిరిగింది. తియ్యకపోతే ప్రాణం పోయేదన్నారు. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి నా పళ్ళు నాకిచ్చారు. పట్టకారుతో నేను వంచిన కొక్కెం వంచినట్టే ఉంది.

శ్రావణం

శ్రావణమంతా నోటితో ఏమీ తీసుకోలేదు. పొట్టకు చిల్లు పెట్టి గొట్టం దించారు. అందులోంచి పాలలాంటిదేదో పోసేవారు. కడుపు నిండేది, ఆకలి తీరేది కాదు. తినడమంటే కడుపు నింపడం కాదని ఆ మంచం మీద అర్థమైంది. ఆకలినైనా ఓర్చుకోవచ్చు, దాహాన్ని ఓర్చుకోలేం. కిటికీ అవతల వాన ధారగా పడుతుంటే నోరు తెరుచుకుని పడుకునేవాణ్ణి.

ఒక నర్సమ్మ ఉండేది, జహీరాబాద్ వైపు పిల్ల. దూదిని తడిపి నా పెదవుల మీద అద్దేది. "మింగొద్దు తాతా, ఉత్తగ తడిచేసుకో" అనేది. ఒకసారి ఆ దూదిని పెదవులతో పట్టుకుని వదలలేదు. ఆమె కసురుకోలేదు. నేను వదిలేదాకా అలాగే నిలబడింది. ఆ పిల్లకు నేను థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు.

సులోచన రోజూ వచ్చేది, పక్కన స్టూలు మీద కూర్చునేది, మాట్లాడేది కాదు. కొడుకు అన్న మాట ఆమెలో అలాగే ఉండిపోయింది. శ్రీకాంత్ రాగానే ఆమె లేచి బయటికి పోయేది. వాడు పోయాక లోపలికొచ్చేది. ఒకే మనిషి కోసం వచ్చిన ఇద్దరూ ఆ తలుపు దగ్గర ఒకరికొకరు దారిచ్చుకుంటుంటే చూస్తూ పడుకున్నాను. అంతకంటే నేను చేయగలిగిందేమీ లేదు.

చిరిగింది మానిందన్నారు. గొట్టం ఉంచే ఇంటికి పంపారు. నోటితో పల్చటి జావ తాగొచ్చన్నారు. మొదటి చెంచా దిగినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తర్వాత జావ చిక్కనైంది, ఆపైన పాలలో నానిన ఇడ్లీ. బతికి బట్టకట్టాననుకున్నాను. బజారుకు పోయి దుకాణంలో కాసేపు కూర్చుని వచ్చాను కూడా. ఒకరోజు పొద్దున చిటికెడు ఇడ్లీ ముక్క గొంతు కింద ఆగింది. ఎంతకీ దిగలేదు. మానిన చోటే బిగుసుకుపోతోందట. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకున్నట్టు, లోపల దారి ముడుచుకుపోతుందట. గొట్టంతో బెలూన్ లాంటిది పంపి సాగదీయాలన్నారు.

"ఎన్నిసార్లు సారూ?" అన్నాడు శ్రీకాంత్.

"చూద్దాం," అన్నాడు డాక్టరు.

నా లెక్కలో మూడుసార్లు. ఎవరూ చెప్పలేదు. ఏ పనైనా మూడుసార్లలో తేలాలని నాకు నేనే అనుకున్నాను.

దసరా

అదే ఇనుప కుర్చీల్లో ఒకావిడ పరిచయమైంది. రాజ్యలక్ష్మి గారు. గోదావరి వైపువాళ్ళు, ఆమె భర్త భానూరు దగ్గర రక్షణ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. సన్నగా, తలనిండా పూలతో, చేతిలో స్టీలు గ్లాసుతో వచ్చేది. వార్డు బాయ్ మొదలు డాక్టరు దాకా అందర్నీ పేరుపెట్టి పలకరించేది. నా మొహం చూసి ఆమే మాట కలిపింది.

"కంగారు పడకండి అన్నయ్యగారూ. సాగదీశాక రెండు రోజులు నొప్పుంటుంది. తర్వాత హాయిగా జావ దిగుతుంది."

నేను పళ్ళ సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. నా కథ విని నవ్వని మొదటి మనిషి ఆమె.

"నాదీ అలాంటిదేనండీ. క్వార్టర్స్‌లో బాత్రూం కడిగే యాసిడ్ నీళ్ళ సీసాలో పోసి పెట్టాం. వేసవి. సీసా పైకెత్తి పోసేసుకున్నాను. మూతి ఆన్చి తాగుంటే పెదవికే తెలిసిపోయేది కదండీ, కాలుతోందని."

ఆమె తన గ్లాసు చూపించింది. "ఇక ఎత్తి పోసుకోవడం మానేయండి. గుక్క పట్టకూడదు మనం. పెదవులాన్చి, కొంచెం కొంచెం చప్పరించాలి."

"మా ఇంట్ల ఎంగిలి నడవదమ్మా," అన్నాను.

"ఎంగిలి చూసుకోవడం ఒంట్లో బాగున్నవాళ్ళకండీ," అంది.

నాకు ధైర్యం వచ్చింది. అడగకూడనిది అడిగాను. "మీరు ఎప్పటినుంచి వస్తున్నరు?"

"నేనా? మా మనవరాలు పుట్టకముందు నుంచీ వస్తూనే ఉన్నానండీ. అదిప్పుడు కాలేజీకి వెళ్తోంది."

నన్ను ఓదార్చడానికే ఆ మాట అంది. ఇన్నేళ్ళయినా బతికే ఉన్నాను చూడు అన్నట్టు నవ్వుతూ అంది. ఆ నవ్వు మొహం మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నా పేరు పిలిచారు. లోపలికి పోయి పడుకున్నాను. గొట్టం దించుతుంటే ఈసారి కడ్డీని పట్టుకోలేదు.

ఇంటికొచ్చాక, పెదవులాన్చి తాగడానికి నాకో గ్లాసు వేరైంది. సులోచన దాన్ని వంటింటి కిటికీలో విడిగా పెట్టేది, విడిగా తోమేది. మాకు సూతకమైనప్పుడు కూడా ఇంత వేరుగా ఉండలేదు. తనూ శ్రీకాంత్ తినేది నాకు కనపడకుండా, వినపడకుండా తినేవారు. కొన్నాళ్ళకు గమనించాను, ఇంట్లో పోపు చప్పుడే లేదు. వాసనకు నా ప్రాణం కొట్టుకుంటుందని ఆమె పప్పులో పోపు వెయ్యడమే మానేసింది. నాకు తిక్క రేగింది.

"పోపు వెయ్యవే! ఇల్లు పీనుగ లేచిన ఇల్లు లెక్క ఉన్నది!" అని అరిచాను.

ఆమె బాణలి పెట్టి పోపు వేసింది. ఆవాలు చిటపటలాడాయి. నేను ఆ వాసన భరించలేక వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

దసరాకు సులోచన ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. ప్రసాదం పులిహోర నా అరచేతిలో పెట్టింది. పసుపు రంగు మెతుకులు, నూనె మెరుపు, నడుమ ఒక వేరుశనగ గింజ. ఒక్క మెతుకు తీసి నాలుక మీద పెట్టుకుని, పులుపు పోయేదాకా చప్పరించి, తువాల్లో ఊసేశాను. ప్రసాదాన్ని ఊసిన మొదటి మనిషి మా వంశంలో నేనే అయ్యుంటాను. ఆమె చూసింది.

కార్తీకం

నా లెక్క ప్రకారం మూడుసార్లు ఎప్పుడో దాటాయి. సాగదీసిన కొత్తలో జావ దిగుతుంది. పక్షం తిరిగేసరికి మళ్ళీ బిగుస్తుంది. పల్చటి జావ, ఆ తర్వాత మజ్జిగ, ఆ తర్వాత నీళ్ళు. నీళ్ళు కూడా ఆగాయంటే పటాన్‌చెరు దారి పట్టాలి. పొట్టకు గొట్టం ఉందిగా, చావవు అంటారు. చావను, నిజమే. దుకాణంలో శ్రీకాంత్ మిషన్‌తో గింజలు చూసి కొంటున్నాడు. నన్ను ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి పళ్ళు లేవు. మళ్ళీ కట్టించుకోలేదు.

ఇలాంటివి రాసేవాళ్ళు చివర్లో అధైర్యపడొద్దు, అంతా మంచే జరుగుతుంది అని రాస్తారు. నేను రాయలేను. నాకు బాగవుతుందన్న ఆశ లేదు. ఉన్నట్టు నటిస్తే సులోచనకు వెంటనే తెలిసిపోతుంది.

మొన్న మళ్ళీ నీళ్ళు ఆగాయి. మర్నాడు పొద్దున ఆస్పత్రికి పోవాలి. మధ్యాహ్నం శ్రీకాంత్ ఇంటికి వచ్చినప్పుడు చెప్పేశాను.

"ఇగ నేను రానురా."

"గట్లంటే ఎట్ల బాపూ?"

"ఎట్లనో గట్లనే. సాగదీసుడు, బిగుసుకునుడు. ఎన్నాళ్ళు? గా గోదావరమ్మ లెక్క మనవరాలి పెండ్లిదాక తిరగాల్నా? కడుపుల గొట్టముంది, పోసినన్ని రోజులు పొయ్యుండ్రి. నోటి ముచ్చట ఇడిసిపెట్టుండ్రి."

వాడు బతిమాలాడు, అరిచాడు, చివరికి వాళ్ళమ్మ వైపు తిరిగాడు. ఆషాఢం తర్వాత ఆమెతో సూటిగా మాట్లాడటం అదే మొదటిసారి. "నువ్వన్న చెప్పమ్మా, జెర." ఆమె వంటింట్లోకి పోయింది. వాడు తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె కిటికీలోని నా గ్లాసులో నీళ్ళలాంటి జావ పోసుకొచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. "దిగది. తీస్కపో," అన్నాను.

ఆమె పోలేదు. నేను చూస్తుండగానే ఆ గ్లాసు ఎత్తి, రెండు పెదవులూ దాని అంచుకు ఆన్చి ఒక గుక్క తాగింది. ముప్పై ఏళ్ళు పైబడిన కాపురంలో ఆమె పెదవికి గ్లాసు తగలడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు ఆన్చి తాగడం చేతకాలేదు. కొంత గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు. ఆ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఎంగిలి చేసిన. ఇగ గిది ఇంకెవ్వరికి పనికిరాదు. ముద్దలు పెట్టినదాన్ని నేనే, జావ పోసేదాన్ని గూడ నేనే. తాగుండ్రి."

గొంతు పూడుకుపోయింది. పూడుకుపోవడానికి అందులో చోటెక్కడిది? ఆమె పెదవి ఆన్చిన చోటే నా పెదవి ఆన్చాను. కొంచెం చప్పరించాను. నోట్లో ఉంచుకుని, ఆగి, మింగాను. ఒక చెంచాడు దిగిందేమో. మిగతాది తువాల్లోకి వచ్చింది. మళ్ళీ చప్పరించాను. అదీ అంతే. ఆమె పక్కనే కూర్చుని, నేను తాగినంతసేపూ చూసింది.

"రేపు ఎన్ని గంటలకు పోవాలె?" అని అడిగాను.

"పొద్దుగాలనే. జల్దీ లేవాలె," అంది.

గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. తోమలేదు. అలాగే తీసుకుపోయి తన చెంబు పక్కన పెట్టింది.